ఆగి ఉన్న రైలింజిన్ ఎందుకు అరుస్తుంది? ఎఫ్40పీహెచ్ కథ

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. రైలు స్టేషన్లో ఆగింది. చక్రాలు కదలట్లేదు. కానీ ముందున్న డీజిల్ ఇంజిన్ మాత్రం ఘాట్ ఎక్కుతున్నంత గట్టిగా అరుస్తోంది. ఎందుకు?

ఈ అరుపుకి బాగా పేరున్న ఇంజిన్ ఒకటుంది: ఎఫ్40పీహెచ్. అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళ ఈఎండీ విభాగం తయారు చేసింది. 1976లో ఆమ్‌ట్రాక్ రైళ్ళకు వచ్చింది. తర్వాత షికాగో, బోస్టన్, శాన్ ఫ్రాన్సిస్కోల్లో రోజూ ఆఫీసులకు వెళ్ళొచ్చే జనాన్ని లాగింది. సన్నీవేల్, మౌంటెన్ వ్యూలో ఉండే మన తెలుగువాళ్ళు ఎక్కే కాల్‌ట్రెయిన్‌కి కూడా 1985 నుంచి చాలా ఏళ్ళు ఇదే ఇంజిన్ ఉండేది.

ముందు అసలు డీజిల్-ఎలక్ట్రిక్ అంటే ఏంటో చూద్దాం. మీ బైక్ ఆగి ఉన్నప్పుడు, క్లచ్ పట్టుకుని ఫస్ట్ గేర్ వేసి, ఒక్కసారిగా క్లచ్ వదిలేస్తే ఏమవుతుంది? టక్కున ఆగిపోతుంది. అంటే ఇంజిన్‌కి సున్నా స్పీడు నుంచి బరువు లాగడం చేతకాదు. అందుకే క్లచ్, గేర్లు. మరి 3000 హార్స్ పవర్ ఇంజిన్‌కి, వందల టన్నుల రైలుకి అలాంటి గేర్‌బాక్స్ పెట్టడం చాలా కష్టం. కాబట్టి ఇంకో దారి పట్టారు. 16 సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఒక ఆల్టర్నేటర్‌ని తిప్పుతుంది. అక్కడ పుట్టిన కరెంటు చక్రాల దగ్గరున్న మోటార్లకు వెళ్తుంది. రైలుని లాగేది ఆ మోటార్లే. ఎలక్ట్రిక్ మోటార్‌కి నిలబడ్డ చోటు నుంచే బలంగా తిప్పడం వచ్చు. ఒక్క మాటలో చెప్పాలంటే ఇది చక్రాల మీద నడిచే పవర్ హౌస్.

ఇప్పుడు అరుపు సంగతి. డబ్బాల్లో లైట్లు, ఏసీలు నడవాలి కదా! మన రాజధాని, దురంతో రైళ్ళ చివర జనరేటర్లున్న పవర్ కార్ మోత మీరు వినే ఉంటారు. ఎఫ్40పీహెచ్‌లో ఆ కరెంటు కూడా అదే పెద్ద ఇంజిన్ నుంచి తీశారు. కానీ ఏసీలకు కావలసిన కరెంటు ఫ్రీక్వెన్సీ మారకూడదు. అంటే ఇంజిన్ ఒకే స్పీడులో తిరగాలి, నిమిషానికి దాదాపు 900 చుట్లు. రైలు పరిగెత్తినా అంతే, ఆగినా అంతే. అదీ ఆ అరుపు వెనక ఉన్న కారణం.

దానికి ఇంకో ఖరీదు కూడా ఉంది. డబ్బాలు పూర్తిగా వాడుకుంటే 500 కిలోవాట్లు, అంటే సుమారు 670 హార్స్ పవర్, ఏసీలకే పోతుంది. మిగిలిందే చక్రాలకు. తర్వాత కాల్‌ట్రెయిన్ లాంటి చోట్ల డబ్బాల కరెంటు కోసం లోకోలోనే విడిగా చిన్న ఇంజిన్ పెట్టారు. అరుపు తగ్గింది.

కానీ అసలు ఇబ్బంది తీరలేదు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి శాన్ హోసే దాకా దాదాపు 76 కిలోమీటర్లు, ఇరవైకి పైగా స్టేషన్లు. నాలుగైదు నిమిషాలకోసారి ఆగాలి, మళ్ళీ స్పీడు అందుకోవాలి. మొత్తం రైలుని లాగేది లోకో కింద ఉన్న నాలుగు ఇరుసులే. 2024లో వచ్చిన కొత్త ఎలక్ట్రిక్ రైళ్ళలో, మన ఎంఎంటీఎస్‌లో లాగా, మోటార్లు వేర్వేరు డబ్బాల కింద ఉంటాయి. అందుకే చటుక్కున స్పీడు అందుకుంటాయి. అన్ని స్టేషన్లలో ఆగే రైలుకి ఇదివరకు 100 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 75 చాలు. రోజూ రానూపోనూ 50 నిమిషాలు మిగిలాయంటే, ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్ళని అడగండి దాని విలువ!

మరి పాత ఇంజిన్లు ఏమయ్యాయి? తుక్కు కింద పోయాయనుకుంటున్నారా? లేదు. 19 ఇంజిన్లు, 90 డబ్బాలు కలిపి పెరూ దేశ రాజధాని లిమా నగరం కొనుక్కుంది, 63 లక్షల డాలర్లకు. 2025లో ఓడ మీద కయావ్ రేవుకి చేరాయి. లిమా నుంచి కొండల వైపు చోసికా దాకా ఉన్న పాత పట్టాల మీద ప్యాసింజర్ రైలు నడపాలని వాళ్ళ ఆలోచన.

నాకు ఇక్కడ మనసులో ఒక ముల్లు గుచ్చుకుంటుంది ఫ్రెండ్స్. కాలిఫోర్నియా గాలి శుభ్రపడింది, మంచిదే. కానీ ఇప్పటి కఠినమైన కాలుష్య నిబంధనలు రాకముందు పుట్టిన ఇంజిన్లవి. పొగ ఊరు మారిందంతేనా? అయితే ఇంకో వైపు కూడా చూడాలి. ఐదు డబ్బాల రైలు ఒక్కటే ఐదారు వందల మందిని కూర్చోబెట్టి తీసుకెళ్తుంది. రైలే లేకపోతే వాళ్ళంతా ట్రాఫిక్‌లో, బస్సుల్లో, కార్లలో గంటలు గంటలు పొగ పీలుస్తూ ఉండాల్సిందే. కరెంటు తీగలు వేసేదాకా ఆగమని, రోజూ తెల్లారకముందే పనికి బయల్దేరే మనిషికి చెప్పగలమా? నేనైతే చెప్పలేను. కానీ ఈ ఇంజిన్లొచ్చాయి కదా అని ఆ తీగల పని పక్కన పెట్టేస్తే మాత్రం తప్పే.

మీరేమంటారు? పాత డీజిల్ రైలు ఇప్పుడే కావాలా, మంచి ఎలక్ట్రిక్ రైలు పదేళ్ళ తర్వాత కావాలా? కామెంట్లో రాయండి, కారణం కూడా చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!