రెస్ట్ గివర్ లేని డ్యూటీ

(ఫెడరేషన్ కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలను గురించి, ఖాళీ పోస్టులను గురించి, ప్రైవేటీకరణను గురించి ఈ వేదికపై నిన్నటి నుండి విపులంగా చర్చించుకున్నాము. ఈ పూట మేము ప్రస్తావించబోయే విషయం మన అజెండాలో ఎన్నడూ చోటు చేసుకోలేదు. అది ఇంటి గడపకు లోపలి విషయమని, సంఘానికి సంబంధించనిదని మనమందరం భావిస్తూ వచ్చాము. ఆ భావన పొరపాటని మా అనుభవం మాకు నేర్పింది.

మా బ్రాంచిలో ఒక ఆర్.ఎం.ఎస్. సార్టర్ ఉండేవారు. ఏ ఊరి ఉత్తరం ఏ సంచిలో పడాలో, ఏ జంక్షన్‌లో ఏ బండికి మారాలో జాబితా చూడకుండా చెప్పగల దిట్ట. కొత్తవారికి పని నేర్పినది ఆయనే. ఆయన రిటైరైన పన్నెండేళ్ళకు ఒక సంఘ కార్యంపై వారింటికి వెళ్ళాము. ఆయన మమ్మల్ని గుర్తించలేదు. తన ఇంట్లోనే కూర్చుని, తనను ఇంటికి తీసుకుపొమ్మని భార్యను బతిమాలుతున్నారు. మెయిలు వచ్చే వేళైందని, సంచులకు సీలు వేయాలని అర్ధరాత్రి లేచి తలుపు తీస్తారట. అందుచేత ఆమె తలుపుకు తాళం వేసి, తాళపుచెవి కొంగున ముడి వేసుకుని పడుకుంటారు. నిద్ర మాత్రం పట్టదు.

"వదినగారూ, మీరు ఈ ఇల్లు కదిలి ఎన్నాళ్ళయింది?" అని అడిగాము. ఆమె కొంతసేపు ఆలోచించి, "మా తమ్ముడి కూతురి పెళ్ళికే పోలేకపోయానండీ. ఆ పిల్లకిప్పుడు బిడ్డ కూడా పుట్టింది" అన్నారు. ఆమె మమ్మల్ని డబ్బు అడగలేదు. నమ్మకమైన మనిషి ఎవరైనా ఒక పూట ఆయన దగ్గర కూర్చుంటే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళి వస్తానన్నారు. ఆ పూట మేము కూర్చున్నాము. ఆ తరువాత మా పనులలో పడి ఆ ఇంటి సంగతి మరచిపోయాము. ఈనాటి ప్రసంగంలో కొంత భాగం ఆత్మవిమర్శ అని మీరు గ్రహించాలి.

ఈ వ్యాధిని డిమెన్షియా అంటారు. వయస్సుతో వచ్చే మామూలు మతిమరుపు వేరు, ఇది వేరు. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం మతిమరుపు. కళ్ళజోడు దేనికో తెలియకపోవడం వ్యాధి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మానసిక కుంగుబాటు వంటి కారణాల వల్ల కూడా ఇటువంటి లక్షణాలే కనిపించవచ్చును. వాటికి చికిత్స ఉన్నది. కనుక మొదట చేయవలసిన పని వైద్యుని వద్ద పరీక్ష చేయించడం. అల్జీమర్స్ వంటి రకాలను మాత్రం పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. దేశంలో అరవై యేళ్ళు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షల మంది ఈ వ్యాధితో ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ స్థాయి సర్వే అంచనా వేసింది. పురుషులలో కంటె స్త్రీలలో, పట్టణాలలో కంటె పల్లెలలో ఇది ఎక్కువగా ఉన్నట్లు కూడా ఆ సర్వేలో తేలింది.

ఇక మన చట్టం వైపు చూద్దాము. 1989 నాటి రైల్వే చట్టం 133వ సెక్షన్ ప్రకారం నిరంతర స్వభావం గల డ్యూటీ చేసే ఉద్యోగికి వారానికి ఎడతెగకుండా 30 గంటల విశ్రాంతి ఇవ్వాలి. పని మధ్య మధ్య మాత్రమే ఉండే ఉద్యోగికైనా ఒక పూర్తి రాత్రితో కలిపి 24 గంటలు ఇవ్వాలి. ఆ విశ్రాంతి కాగితం మీద మిగిలిపోకుండా రెస్ట్ గివర్ పోస్టులున్నాయి. స్టేషన్ మాస్టరు విశ్రాంతికి వెళితే ఆయన స్థానంలో మరొకరు వచ్చి ఛార్జి తీసుకుంటారు. నిద్ర లేని మనిషి చేతిలో సిగ్నల్ పెట్టడం ప్రమాదమని అందరూ అంగీకరించారు గనుకనే ఈ ఏర్పాటు జరిగింది. ఇది ఎవరి దయవల్లనో వచ్చినది కాదు. దీని వెనుక తరతరాల కార్మికుల పోరాటమున్నది.

మరి ఆ సార్టరు ఇంటి ఇల్లాలి డ్యూటీ ఏ తరగతిలోనిది? స్నానం చేయించడం, తినిపించడం, బట్టలు మార్చడం, అడిగిన ప్రశ్నకే నూరుసార్లు జవాబు చెప్పడం, రాత్రి కాపలా కాయడం. వారానికి 168 గంటలు. ఆమెకు రోస్టరు లేదు, రెస్ట్ గివర్ లేరు. ఎనిమిది గంటల పనిదినం కోసం జెండా పట్టిన మన ఇళ్ళలోనే ఇరవైనాలుగు గంటల పనిదినం నడుస్తున్నది. అది అత్యధికంగా స్త్రీల భుజాలపైనే ఉన్నది. దానిని మనం పనిగానే లెక్కించలేదు.

అటువంటి వారికి కొన్ని గంటలో, కొన్ని రోజులో సేద తీరే అవకాశం కల్పించడాన్ని విరామ సేవ అంటున్నారు. అది మూడు విధాలు. శిక్షణ పొందిన మనిషి ఇంటికి వచ్చి కూర్చోవడం మొదటిది. రోగిని పగటివేళ ఒక కేంద్రంలో చూసుకుని సాయంత్రానికి ఇంటికి చేర్చడం రెండవది. ఒకటి రెండు వారాలు సంరక్షణ గృహంలో ఉంచుకోవడం మూడవది. జర్మనీ 1995లోను, జపాను 2000లోను సంరక్షణ బీమాను అమలులోకి తెచ్చి, ఈ సేవలను అందులో చేర్చాయి. జపానులో ఉద్యోగికి సంరక్షణ అవసరమైన కుటుంబసభ్యుడు ఒక్కొక్కరికి 93 రోజుల సెలవును మూడు విడతలుగా వాడుకునే హక్కు ఉన్నది. మన దేశంలో 1992లో కేరళలో ఆరంభమైన అల్జీమర్స్ సంబంధిత వ్యాధుల సంఘం ఈ సేవలకు దారి చూపింది. కాని అటువంటి కేంద్రాలు పెద్ద నగరాలను దాటి చాలావరకు రాలేదు.

ప్రభుత్వ పథకాలు లేవని మేము అనడం లేదు. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో వచ్చింది. అది బిడ్డల బాధ్యతను నిర్దేశించింది గాని, ఆ బాధ్యతను మోసేవారికి ఆసరా ఏమిటో చెప్పలేదు. డెబ్బయి యేళ్ళు దాటిన వారందరికీ 5 లక్షల రూపాయల వరకు వైద్యమని 2024లో ప్రకటించారు. అది ఆసుపత్రిలో చేరినవారికి. రైల్వే ఆసుపత్రులు, సి.జి.హెచ్.ఎస్. కూడా ప్రధానంగా వైద్యం కొరకు ఏర్పడినవే. డిమెన్షియా రోగికి కావలసినది మంచం, ఇంజక్షను మాత్రమే కాదు, ప్రక్కన ఒక మనిషి.

సెలవుల సంగతి చూడండి. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులు 2008లో పిల్లల సంరక్షణ సెలవును సర్వీసు మొత్తంలో 730 రోజులుగా సాధించుకున్నారు. తరువాత ఒంటరి తండ్రులకు కూడా అది వర్తించింది. వృద్ధులైన తల్లిదండ్రుల కొరకు అటువంటి ప్రత్యేక సెలవు లేదు. ఏడాదికి 30 రోజుల ఆర్జిత సెలవు, 20 రోజుల అర్ధవేతన సెలవు ఉన్నాయి గదా, వాటినే వాడుకోవచ్చునని 2025లో పార్లమెంటులో ప్రభుత్వం చెప్పింది. వాడుకోవచ్చు, నిజమే. కాని మంజూరు చేసేదెవరు? గ్రామీణ డాక్ సేవకులకైతే ఈ సెలవు నిబంధనలే వర్తించవు.

ఇక్కడ మన సభ్యులే వేసే ప్రశ్న ఒకటి ఉన్నది. "ఖాళీలు నింపకుండా కొత్త సెలవు సాధిస్తే, సెలవు పెట్టిన వాని డ్యూటీ ఎవరు చేయాలి? నేనే డబుల్ డ్యూటీ చేయాలి గదా?" ఈ ప్రశ్నను స్వార్థమని కొట్టివేయరాదు. రిలీవరు లేకుండా ఇచ్చే సెలవు ఒక ఇంటి బరువును తీసి పక్క సీటులో ఉన్నవాని నెత్తిన పెట్టడమే అవుతుంది. అందుచేత సంరక్షణ సెలవు డిమాండును లీవ్ రిజర్వు పోస్టుల డిమాండునుండి విడదీయరాదు. ఇంటి దగ్గర ఆమెకు రిలీవరు కావాలి, ఇక్కడ మనకు రిలీవరు కావాలి. రెండూ ఒకే కోరిక.

"కన్నవారిని కేంద్రాలకు పంపడమేమిటి, మన సంప్రదాయం కాదు" అనేవారూ ఉన్నారు. రెస్ట్ గివర్‌కు ఛార్జి ఇచ్చిన స్టేషన్ మాస్టరు స్టేషన్‌ను విడిచిపెట్టి పారిపోయినట్లా? విశ్రాంతి తీసుకుని తిరిగి డ్యూటీకి వస్తాడు. అలసి సొలసిన మనిషి ఒకనాడు విసుగుతో చేయి చేసుకుంటే ఆ పాపం ఆ మనిషిది మాత్రమే కాదు.

కనుక మేము ఈ క్రింది కోర్కెలను మీ ముందుంచుతున్నాము. 2025లో ఏర్పడిన 8వ వేతన సంఘం ముందు గాని, జె.సి.ఎం., పి.ఎన్.ఎం. సమావేశాలలో గాని వీటిని నొక్కి చెప్పాలి. ఒకటి, తల్లిదండ్రులు, అత్తమామలు, జీవిత భాగస్వామి కొరకు పురుషులకు, స్త్రీలకు సమానంగా సంరక్షణ సెలవు. రెండు, దానికి సరిపడే లీవ్ రిజర్వు పోస్టులు. మూడు, డివిజన్ కేంద్రాలలో పగటి సంరక్షణ కేంద్రం. నాలుగు, ఇటువంటి కుటుంబాల బదిలీ దరఖాస్తులకు ప్రాధాన్యం. ఐదు, డాక్ సేవకులకు, కాంట్రాక్టు కార్మికులకు కూడా ఈ హక్కులు.

ఇవన్నీ వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనవసరం లేదు. మన సంఘ కార్యాలయాలున్నాయి, రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాళ్ళున్నాయి. అనుమతి తీసుకుని వారానికి ఒక పూట అక్కడ వారిని కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పడానికి, పాతపాటలు వినిపించడానికి రిటైరైన మిత్రులు ముందుకు వస్తారు. వైద్యుల చేత వారికి కొంత శిక్షణ ఇప్పించుకోవాలి. దారి తప్పిన వృద్ధులు చాలాసార్లు చేరేది ప్లాట్‌ఫారానికే. టిక్కెట్ కలెక్టరు, పాయింట్స్‌మన్ వారిని గుర్తించి కూర్చోబెట్టి కబురు పంపగలిగితే ఒక ప్రాణం నిలుస్తుంది. ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో పోస్ట్‌మన్‌కు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వృద్ధుల కొరకు 14567 జాతీయ సహాయవాణి ఉన్నదని ఆ ఇళ్ళలో చెప్పడానికి ఒక్క నిమిషం చాలును.

ప్రతి బ్రాంచి కార్యదర్శి తన పరిధిలో ఇటువంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో కుటుంబాల అనుమతితో జాబితా తయారుచేసి, వచ్చే కౌన్సిల్ సమావేశానికి తీసుకురావాలని కోరుతున్నాము. పెన్షనర్ల సంఘాలను కూడా కలుపుకోండి. మా బ్రాంచి జాబితాలో మొదటి ఇల్లు ఆ సార్టరుగారిది. ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళడానికి మాలో నలుగురం వంతులు వేసుకున్నాము. వదినగారు కంటి ఆపరేషను చేయించుకున్నారు. మొన్న వెళ్ళినప్పుడు ఆమె పక్కగదిలో పట్టపగలు గాఢంగా నిద్రపోతున్నారు. మేము లేపలేదు.