పాలు అమ్మిన ఇంజనీరు
(ప్రాథమిక పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మాకు ఇచ్చిన అంశం "విక్రయ నిపుణుడుగా, రచయితగా, వక్తగా ఎదగడం ఎలా". కార్యక్రమ పత్రంలో ఇది చూసి కొందరు పెద్దలు నవ్వారు. గేదెలు కాసుకునేవాళ్లకు ఇదెందుకండీ అన్నారు. కాని ఈ అంశం కోరినది మన సంఘాల వారి పిల్లలే. మేము తనిఖీకి వెళ్లి పుస్తకాలు చూడడం పూర్తయి లేచే వేళకు ఎవరో ఒక కుర్రవాడు దగ్గరకు వస్తాడు. "ఎం.బి.ఏ. చేశానండీ, మార్కెటింగులో పైకి రావాలని ఉంది, పెద్ద పెద్ద సభల్లో కీలకోపన్యాసాలు ఇచ్చేవాళ్లు, పుస్తకాలు రాసేవాళ్లు ఎలా తయారయ్యారు?" అని అడుగుతాడు. అడగదగిన ప్రశ్నే. జవాబు కోసం ఎక్కడికో పోనక్కరలేదు. ఈ మూడు పనులూ చేసిన మనిషి మన పాల రంగంలోనే ఉన్నారు. ఆయన డాక్టర్ వర్గీస్ కురియన్ గారు. ఆయన పేరు తెలియని పాల సంఘం ఉండదు. ఆయన పుట్టినరోజు నవంబరు 26ను జాతీయ పాల దినోత్సవంగా 2014 నుంచి జరుపుకుంటున్నాం. కాని ఆయన అమ్మకం ఎలా నేర్చుకున్నారో మన సభల్లో ఎవరూ చెప్పరు. దండ వేసి దిగిపోతారు.

ఆయన 1921లో కోళికోడ్‌లో పుట్టారు. మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివారు. ప్రభుత్వ ఉపకారవేతనం మీద అమెరికా వెళ్లి మిచిగాన్‌లో ఎం.ఎస్. పట్టా తెచ్చుకున్నారు. ఆయన మనసంతా లోహాల మీద, యంత్రాల మీద. పాడి చదువు కేవలం ఉపకారవేతనం నిమిత్తం ఒప్పుకున్నది. మార్కెటింగు అనేది ఆయన ఏ తరగతిలోనూ చదవలేదు. ఒప్పందం ప్రకారం ప్రభుత్వం 1949 మే నెలలో గుజరాత్ లోని ఆనంద్ అనే చిన్న ఊరికి, అక్కడి క్రీమరీకి పంపింది. గుజరాతీ ఆయన మాతృభాష కాదు. ఎప్పుడు విడుదల చేస్తారా అని రోజులు లెక్కపెట్టుకున్నారు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి, ఆయనకు పాలు ఇష్టం లేదు, తాగేవారు కాదు. ఈ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పేవారు.

ఆ పక్కనే ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్ ఉండేది. అది 1946లో రెండే రెండు గ్రామ సంఘాలతో, రోజుకు 247 లీటర్ల పాలతో మొదలైంది. దాని పుట్టుకకు కారణం కోపం. బొంబాయికి పాలు పంపే గుత్తహక్కు పోల్సన్ అనే వ్యాపార సంస్థ చేతిలో ఉండేది, ధర ఆ సంస్థ చెప్పినదే. సర్దార్ పటేల్ గారి సలహా మీద రైతులు 15 రోజులు పాలు పోయడం మానివేశారు. ఊరూరా తిరిగి సంఘాలు పెట్టించిన వారు త్రిభువన్‌దాస్ పటేల్ గారు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి విడుదలై సామాను సర్దుకుంటున్న కురియన్ గారిని, ఈ పాత యంత్రాలు బాగుచేసి పొమ్మని అడిగి ఆపినది కూడా ఆయనే. ఆ విధంగా 1950లో ఇంజనీరు కాస్తా యూనియన్ మేనేజరు అయ్యారు.

ఇక అమ్మకం సంగతికి వస్తాం. మన యువకులు ఇక్కడ శ్రద్ధగా వినాలని మా మనవి.

గేదె చలికాలంలో ఇచ్చినన్ని పాలు ఎండాకాలంలో ఇవ్వదని మీకు మేము చెప్పనక్కరలేదు. ఆనంద్‌లోనూ అంతే. చలికాలంలో పాలు రెండింతలు దాటి వచ్చేవి, బొంబాయి అన్ని పాలు తీసుకోదు. మిగిలిన పాలు ఏం చేయాలి? రైతును రేపు తీసుకురావద్దు అంటే మళ్లీ దళారి దగ్గరకు పోతాడు, సంఘం పని సరి. ఆయన మొదట ఎదుర్కొన్న మార్కెటింగు సమస్య ఇదే. ప్రకటన ఎలా ఉండాలి అన్నది కాదు, పొంగిన పాలు ఎక్కడికి పోవాలి అన్నది. పొడి చేయాలి. కాని గేదె పాలు పొడి కావని విదేశీ నిపుణులు తేల్చి చెప్పారు. దాన్ని చేసి చూపించినవారు కురియన్ గారి మిత్రుడు హెచ్.ఎం. దలాయా గారు. రంగులు చల్లే తుపాకి వంటి సాధనం ఒకటి, వేడిగాలి యంత్రం ఒకటి పెట్టుకుని ముందు చిన్న ప్రయోగం చేశారట. 1955 అక్టోబరు 31న నెహ్రూ గారు ప్రారంభించిన కొత్త డెయిరీలో గేదె పాల పొడి తయారైంది. వెన్న కూడా అక్కడే తీయసాగారు.

ఆ వెన్న కథ మాకు చాలా ఇష్టం. ఆవు వెన్న పసుపు, గేదె వెన్న తెలుపు అని మన ఇళ్లలో పసిపిల్లకు కూడా తెలుసు. గేదె తిన్న పచ్చిమేతలోని కెరోటిన్ పాలలోకి రాకముందే విటమిన్ ఎ గా మారిపోతుంది, అందువల్ల ఆ తెలుపు. ఆనంద్ వారు తాజా మీగడతో, కల్తీ లేకుండా, తెల్లని వెన్న తీసి బొంబాయి పంపారు. కొనేవారు లేరు. బొంబాయి వాళ్ల నాలుక అప్పటికే పోల్సన్ వెన్నకు అలవాటు పడింది. అది పులిసిన మీగడతో తీసినది, పసుపు రంగు, బాగా ఉప్పు. ఆ రుచి ముందు తాజా వెన్న చప్పగా తోచింది. మన సరుకు మంచిది, మీ నాలుకే మంచిది కాదు అని కొనేవాడితో వాదించవచ్చు. మన సంఘాలలో అలా వాదించేవారిని మేము చూస్తూనే ఉన్నాం. కురియన్ గారు వాదించలేదు. చట్టం అనుమతించిన మేరకు ఉప్పు, రంగు కలిపించి, కొనేవాడికి అలవాటైన రుచికి వెన్నను దగ్గర చేశారు. మూలమైన పాలలో మాత్రం రాజీ లేదు. ఎక్కడ వంగాలి, ఎక్కడ వంగకూడదు అన్నది తెలియడంలోనే విక్రయ నిపుణుడి పనితనమంతా ఉంది.

అమూల్ అన్న పేరు "అమూల్య" అన్న మాట నుంచి వచ్చినదే. శుభ్రమైన పాలు, నాణ్యమైన వెన్న అంటూ చాలాకాలం సాదా ప్రకటనలు వేసుకున్నారు. 1966లో ఆ పని సిల్వెస్టర్ డకున్హా గారికి, చిత్రకారుడు యూస్టస్ ఫెర్నాండెజ్ గారికి అప్పగించారు. చుక్కల గౌను పాప బొమ్మ అప్పుడు పుట్టినదే. పత్రికా ప్రకటనలకు ఖర్చు ఎక్కువ, అందుచేత వీధి మొగల్లో పెద్ద బోర్డులు పెట్టించి, ఊళ్లో అందరూ అనుకుంటున్న సంగతి మీద చమత్కారంగా ఒక వాక్యం రాయించేవారు. ఇక్కడ కురియన్ గారి గొప్ప ఏమిటంటే, ప్రతి బొమ్మా ముందు మా ఆఫీసుకు తెచ్చి సంతకం తీసుకోండి అనలేదు. సంగతి వేడిగా ఉన్నప్పుడే బోర్డు ఎక్కాలి, ఫైలు తిరిగితే చల్లారిపోతుంది. ఫైళ్ల మధ్య బతికిన మాకు ఈ మాట విలువ బాగా తెలుసు.

ఆ తర్వాత 1976లో "మంథన్" సినిమా. గుజరాత్ రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకుని తీయించారు. దర్శకులు శ్యామ్ బెనెగల్ గారు మన సికింద్రాబాదు తిరుమలగిరిలో పుట్టి, నిజాం కళాశాలలో చదివినవారు, సినిమాలకు ముందు ప్రకటనల సంస్థల్లో పనిచేసినవారు. తమ డబ్బుతో తీసిన సినిమా అని రైతులు లారీలెక్కి వెళ్లి చూశారు. సహకార సంఘం అంటే ఏమిటో వంద ఉపన్యాసాలు చెప్పలేనిది ఆ సినిమా చెప్పింది.

ఇప్పుడు రచయిత, వక్త సంగతి. కురియన్ గారికి మెగసెసే బహుమతి 1963లో వచ్చింది, అదీ త్రిభువన్‌దాస్ గారితో, బొంబాయి పాల పథకం నడిపిన ఖురోడీ గారితో కలిపి. ప్రపంచ ఆహార బహుమతి 1989లో వచ్చింది. ఆయన ప్రసంగాలు "యాన్ అన్‌ఫినిష్డ్ డ్రీమ్" అనే పుస్తకంగా వచ్చినది 1997లో. ఆత్మకథ "ఐ టూ హ్యాడ్ ఎ డ్రీమ్" 2005లో, అప్పటికి ఆయనకు 83 ఏళ్లు. అది కూడా ఆయన చెప్తుండగా గౌరీ సాల్వీ గారు రాసినది. లెక్క చూడండి, ఆనంద్‌లో కాలుపెట్టిన 48 ఏళ్లకు ఆ ప్రసంగాల పుస్తకం. ఈ రోజుల్లో ముందు పుస్తకం అచ్చు వేయించుకుని, ముందు వేదిక ఎక్కి, తర్వాత అనుభవం కోసం వెతికే పద్ధతి వచ్చింది. ఆ దారిలో పేరు వస్తే రావచ్చు, ఆ పేరు చూసి ఒక డెయిరీని చేతికిచ్చే రైతు మాత్రం మాకు కనబడడు.

ఆయనలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. మాట కరకు, పట్టు ఎక్కువ. గుజరాత్ పాల విక్రయ సమాఖ్య 1973లో ఏర్పడినప్పటి నుంచి అధ్యక్ష పీఠంలో ఉండి, జిల్లా యూనియన్ల మద్దతు తగ్గిపోగా 2006లో దిగవలసి వచ్చింది. ముప్పై ఏళ్లు దాటి ఒకే కుర్చీలో ఎవరూ కూర్చోకూడదని మా అభిప్రాయం, ఎంత గొప్పవారైనా సరే. 2012 సెప్టెంబరు 9న నడియాద్‌లో కన్నుమూశారు.

ఇదంతా మన ఊళ్లో ఉన్న కుర్రవాడికి ఎలా పనికివస్తుంది?

మార్కెటింగు నేర్వదలచినవాడు ముందు ఆరు నెలలు సంఘంలో పాల పరీక్ష బల్ల దగ్గర నిలబడాలని మేము అంటాం. ఏ కేను ఎందుకు విరిగింది, ఎవరి పాలలో వెన్న శాతం ఎందుకు పడింది, మేతలో తేడా వల్లనా, నీళ్లు కలిసినందువల్లనా, చివరి ధారలు దూడకు వదిలినందువల్లనా అన్నది చెప్పగలగాలి. తర్వాత రాయడం. ధర పట్టిక నల్లబల్ల మీద పాలు పోసేవారికి అర్థమయ్యేట్టు రాయడం కంటే కష్టమైన రచన మాకు తెలియదు. ఉదాహరణకు వెన్న కిలోకు 800 రూపాయల లెక్క అనుకుందాం. 7 శాతం ఉన్న పాలు 100 కిలోలు పోస్తే అందులో 7 కిలోల వెన్న, అంటే 5,600 రూపాయలు, కిలో పాలకు 56 రూపాయలు. అదే పాలు ఆరున్నర శాతం అని యంత్రం చూపితే 52 రూపాయలు. అర శాతం తేడాకు కిలోకు 4 రూపాయలు! పూటకు మూడు కిలోలు పోసే తల్లికి పూటకు 12 రూపాయలు. ఎందుకు తగ్గిందమ్మా అని ఆమె అడిగితే మన కార్యదర్శి "యంత్రం అలా చూపింది" అని ఊరుకుంటాడు. వారం తిరిగేసరికి ఆమె ప్రైవేటు వ్యాను దగ్గర పోస్తుంటుంది. వ్యాను వాడు వెన్న కొలవకపోయినా నవ్వుతూ మాట్లాడతాడు.

మూతపడిన సంఘాలను మేము చాలా చూశాం. డబ్బు తిన్నందువల్ల మూతపడ్డవి లేకపోలేదు. లెక్క చెప్పనందువల్ల పోయినవే వాటికంటే ఎక్కువ. డబ్బు అంతా పుస్తకంలో సరిగ్గా ఉంటుంది, మహాజన సభలో లేచి చదివి వివరించే మనిషి ఉండడు. బోనస్ ఎంత, ఎలా వచ్చింది, రవాణాకు ఎంత పోయింది అన్నవి ఎవరికీ తెలియవు. అనుమానం పుడుతుంది, పాలు తగ్గుతాయి, చిల్లింగు సెంటరు వారు వ్యాను పంపడం మానేస్తారు. గుజరాత్ సమాఖ్య వారు వినియోగదారుడి రూపాయిలో సుమారు 80 పైసలు రైతుకు చేరుతున్నాయని ఏ వేదిక మీదనైనా చెప్తారు. మన సంఘంలో ఆ లెక్క ఎంత అని అడిగితే చెప్పగలిగినవారు ఈ సభలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి అని మేము అడగబోవడం లేదు. వచ్చే ఏడాది అడుగుతాం.

మాట్లాడవలసినవారు చదువుకున్న కుర్రవాళ్లే కానక్కరలేదు. చాలా ఊళ్లలో పాలు పితికేది, పోసేది ఆడవారు, పుస్తకంలో పేరు మాత్రం మగవారిది. వారి పేరు ముందు సభ్యత్వ పుస్తకంలోకి ఎక్కాలి. ఆ తర్వాత వారికి మైకు ఇవ్వండి. గేదె సంగతి వారికి తెలిసినంత మాకూ తెలియదు.

కనుక మేము కోరేది ఇంతే. ఈ ఏడాది మహాజన సభలో ప్రతి సంఘం నుంచి ఇద్దరు మాట్లాడాలి, ఇద్దరిలో ఒకరు పాలు పోసే మహిళ కావాలి. ఒకరు ధర పట్టిక, రెండోవారు బోనస్ లెక్క, తలా పది నిమిషాలు. కాగితం చూసి చదివినా ఫరవాలేదు, ఆ కాగితం సొంతంగా రాసినదై ఉండాలి. బాగా రాసినవి ఈ వార్తాలేఖకు పంపితే సంపాదకుల వారు అచ్చు వేస్తామన్నారు. సభ తేదీ ఖరారు కాగానే మా కార్యాలయానికి ఒక కార్డు రాసినా, ఫోను చేసినా చాలు. వీలైనన్ని సభలకు వస్తాం. వేదిక మీద కుర్చీ వేయవద్దు. వెనుక వరుసలో కూర్చుని వింటాం.