దుమ్ము పీల్చు యంత్రములోని చుట్ట



మన కర్నూలు, కడప సీమలలో వేసవిగాలి వీచెనా, తలుపులు మూసినను బేతంచెర్ల నాపరాతినేలపై దుమ్ము పేరుకొనును. చీపురుతో నూడ్చిన లేచి, మరల నచ్చటనే వ్రాలును. అందుచేత దుమ్ము పీల్చు యంత్రములు మన యిండ్లలోఁ జేరినవి. 1901లో లండనున హ్యూబర్ట్ సెసిల్ బూత్ నిర్మించిన యంత్రమును గుఱ్ఱపుబండిపైఁ దెచ్చి వీథిలో నిలుపవలసివచ్చెడిది. నేఁటిది మూలగదిలో నిముడును.

నేను చెప్పఁబోవునది మోటారును గూర్చి కాదు, విద్యుత్తీగను లోనికి లాగుకొను చుట్టను గూర్చి. మీట నొక్కఁగానే తీగ పాము పుట్టలోనికిఁ బోయినట్లు పోవును గదా! ఆ చుట్ట నడుమ సన్నని యుక్కుపట్టీతోఁ జేసిన స్ప్రింగు గలదు. తీగను వెలికి లాగినకొలఁది నది బిగియును. మన చేతిబలమే దానిలో దాఁగును.

మన తార్కికులు దీనిని స్థితిస్థాపక మనిరి. అన్నంభట్టు తర్కసంగ్రహమున దీనికిఁ జాపను దృష్టాంతముగాఁ జూపెను. చుట్టియుంచిన చాపను పఱచి చేయి విడిచినచో మరల ముడుచుకొనును. చాప వలన నెవ్వరికిని గాయము కాదు. ఉక్కుపట్టీ యంచు కత్తివంటిది.

మా వీథి పిల్లవాఁ డొకఁడు, చేతిపని తెలిసినవాఁడే, పాత యంత్రమును కొనితెచ్చి, ప్లగ్గు తీసి, చుట్ట మూఁత విప్పెను. స్ప్రింగు బుస్సున లేచి కనుబొమ్మను చీల్చినది. అంగుళము క్రిందికిఁ దగిలిన కన్ను పోయెడిది. "అయ్యవారూ, కరెంటు తీసేసినా గదా, ఎట్ల కొట్టె?" అని యడిగెను. మంచి ప్రశ్న. కరెంటు పోయినను స్ప్రింగులోని బలము పోదు.

కాఁబట్టి మొదట ప్లగ్గు తీయుఁడు. పిమ్మట దానిని చేతఁ బట్టుకొని తీగను మెల్లమెల్లగాఁ బూర్తిగా లోనికిఁ బోనిండు. విడిచినచో కొన కొరడావలె కాలికిఁ దగులును. అంతటితో బలము తీఱెనని తలఁపరాదు. చివరి మూరను గూడ లాగుకొనుటకై కొన్ని చుట్ల బిగింపు దానియందు మిగిలియే యుండును. మోసమంతయు నచ్చటనే యున్నది. కంటికి అద్దములును, చేతులకుఁ దోలుతొడుగులును ధరించి, చుట్టను గట్టిగాఁ బట్టి, ఒక్కొక్క చుట్టుగా వదలుఁడు. స్ప్రింగున్న గూటిని మాత్రము విప్పకుఁడు. చెడినచో గూటితోఁగూడ మార్పించుఁడు.

పాత గ్రామఫోను బాగుచేయువారికిని ఈ మాట వర్తించును. పళ్లెము తిరిగి తిరిగి తనంతఁ దాను నిలుచువఱకు నాఁగవలెను. అంతకుముందే వేగము నదుపుచేయు గుండ్లను విప్పినచో చక్రములు వెఱ్ఱిగాఁ దిరిగి పండ్లు విఱుగును.

విఱిగిన స్ప్రింగును చెత్తకుప్పపైఁ బాఱవేయకుఁడు. ఇనుపతీగతో మూఁడుచోట్ల బిగించి కట్టి పాతయినుము కొనువాని కిండు. కుప్పలలో నేఱుకొను పిల్లలు వట్టిచేతులతోఁ బట్టుకొందురు.