ఎస్టిమేటు మీద సంతకం పెట్టే ముందు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శి గారితో ఒక మాట చెప్పాను. "సాబ్, నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాదు. ఆర్టీసీ డిపో గ్యారేజీలో 31 ఏళ్లు స్పానర్ పట్టుకున్నవాణ్ణి. బండి గురించి తప్ప ఇంకేం మాట్లాడలేను" అన్నాను. "మాకు కావలసింది అదే. పోయిన ఏడాది మన అంబులెన్సు సంగతి దాతలకు నువ్వే చెప్పాలి" అన్నారాయన. అందుకే ఈ నాలుగు మాటలు.

మీలో చాలామందికి కార్లున్నాయి. షోరూమ్ సర్వీసుకు బండి ఇచ్చిన రోజు మధ్యాహ్నం ఫోన్ వస్తుంది. "సార్, బ్రేక్ ప్యాడ్లు అయిపోయాయి, బ్యాటరీ వీక్‌గా ఉంది, ఇంజెక్టర్ క్లీనింగ్ చేయాలి, చేసేయమంటారా?" అని అడుగుతారు. మీరు కొట్లో గిరాకీ చూసుకుంటూనో, ఆఫీసులో పని మధ్యలోనో ఉంటారు. "సరే, చేసెయ్ బాబూ" అంటారు. సాయంత్రం బిల్లు చూశాక గుండె గుభేలుమంటుంది. సొంత డబ్బయితే మనమే బాధపడి ఊరుకుంటాం. కానీ మన అంబులెన్సు నడిచేది మీరిచ్చిన డబ్బుతో. అందులో నెల నెలా బట్టలు కుట్టి దాచిన 500 రూపాయలు తెచ్చి ఇచ్చే ఒక పెద్దమ్మ డబ్బు కూడా ఉంది. అది అమానతు. దాన్ని "చేసెయ్ బాబూ" అనే ఒక్క మాటతో ఖర్చు పెట్టే హక్కు మనకు లేదు.

మన బండి డీజిల్‌ది. మన ఊరి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి, అక్కడ కాదంటే హైదరాబాదుకు రోగుల్ని తీసుకెళ్తుంది. 80,000 కిలోమీటర్ల సర్వీసుకు ఇచ్చినప్పుడు వాళ్లు రాసిన ఎస్టిమేటు 73,700 రూపాయలు. ఆయిలు, ఫిల్టర్లు 9,200. ముందు బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు 14,600. క్లచ్ సెట్టు 19,500. బ్యాటరీ 7,800. బ్రేక్ ఆయిల్ మార్పు 1,100. కుడివైపు లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ 4,300. ఇంజెక్టర్ క్లీనింగ్, ఇంజన్ ఫ్లష్ 6,900. ఏసీ క్లీనింగ్, లోపలి క్లీనింగ్, బండి అడుగున కోటింగ్ 8,500. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,800.

కమిటీలో రెండు మాటలొచ్చాయి. "కంపెనీ వాళ్లు చెప్పారు, రోగుల బండి, చేయించేద్దాం" అని కొందరు. "అంతా దోపిడీ, ఆయిలు మార్పించి తెచ్చేద్దాం" అని కొందరు. ఈ రెండూ తప్పే. ఆ రెండో తప్పు నేను స్వయంగా చేసినవాణ్ణి. ముందు దాని సంగతి చెప్తాను.

చాలా ఏళ్ల కిందట మా బావమరిది కారు సర్వీసుకిస్తే టైమింగ్ బెల్టు మార్చాలన్నారు. 9,000 అవుతుందన్నారు. ఆయన నాకు ఫోన్ చేశాడు. నేను పెద్ద మెకానిక్‌ని కదా! బండి చూడలేదు, దాని పుస్తకం తెరవలేదు. "బండి చక్కగా నడుస్తోంది గదా, వాళ్లట్లాగే చెప్తారు, వద్దను" అన్నాను. నాలుగు నెలలకు పిల్లలతో వెళ్తుంటే నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోయింది. బెల్టు తెగింది. తెగగానే పిస్టన్లు పోయి వాల్వులకు తగిలాయి, వాల్వులు వంగిపోయాయి. హెడ్డు దింపి పని చేయిస్తే 70,000 అయింది. వెనకాల లారీ రాలేదు కాబట్టి పిల్లలు క్షేమంగా ఇంటికి చేరారు. మా బావమరిది నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. టైమింగ్ బెల్టు తెగేముందు చప్పుడు చేసి చెప్పదు. ఇన్ని కిలోమీటర్లకు లేదా ఇన్నేళ్లకు, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలని పుస్తకంలో రాసి ఉంటుంది, అంతే. కొన్ని ఇంజన్లకు బెల్టు బదులు చైను ఉంటుంది, వాటి లెక్క వేరు. ఏదైనా పుస్తకం చూస్తేగానీ తెలియదు. నేను చూడలేదు.

అందుకని చెప్తున్నాను. "చేసెయ్" అనడానికి ఎంత బాధ్యత ఉందో "వద్దు" అనడానికీ అంతే ఉంది.

అంబులెన్సు ఎస్టిమేటు పట్టుకుని నేనూ, మన డ్రైవరూ సర్వీస్ సెంటరుకు వెళ్లాం. సర్వీస్ అడ్వైజరు పాతికేళ్ల కుర్రవాడు. గొడవకొచ్చామనుకున్నాడు. "బాబూ, నీతో పోట్లాటకు రాలేదు. ఒక్కో పనికి మూడు ప్రశ్నలడుగుతాను, జవాబు చెప్పు చాలు" అన్నాను. ఆ మూడు ప్రశ్నలే ఈ రోజు మీకు నేనివ్వగలిగింది.

మొదటిది: ఈ పని బండితో ఇచ్చిన పుస్తకంలో, ఈ కిలోమీటర్లకు చేయాలని రాసి ఉందా?

రెండోది: రాసి లేకపోతే, బండిలో ఏం చూసి చెప్తున్నారు? కొలిచారా? నాకు చూపించగలరా?

మూడోది: ఈ రోజు చేయించకపోతే ఏమవుతుంది, ఎన్నాళ్లకు అవుతుంది?

ఆయిలు, ఫిల్టర్లు పుస్తకంలో ఉన్నాయి, సరే అన్నాం. బ్రేక్ ఆయిలు కూడా అంతే. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరిన ఆయిలు ఘాట్ రోడ్డులో వేడెక్కితే ఆవిరి బుడగలొచ్చి పెడలు మెత్తబడుతుంది, బ్రేకు పడదు. అందుకే చాలా బళ్లకు రెండేళ్లకోసారి మార్చమంటారు. మన బండిలో మూడేళ్లయింది, నల్లబడింది. 1,100 రూపాయల పని, ఆలోచించాల్సింది లేదు.

బ్రేక్ ప్యాడ్ల దగ్గర "చూపించు" అన్నాను. చక్రం విప్పించాం. కొత్త ప్యాడు మందం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లుంటుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే ఇక మార్చాల్సిందే. మనవి 6 ఉన్నాయి. డిస్కు ఎంత అరిగితే తీసేయాలో చాలా డిస్కుల మీదే అంకె కొట్టి ఉంటుంది. కొలిస్తే మనది ఆ అంకెకు చాలా పైనే ఉంది. ఆ కుర్రవాడే "ఇప్పుడే అక్కర్లేదు సార్" అన్నాడు. 5,000 కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలవాలని జాబ్ కార్డు మీద రాయించాను.

క్లచ్ ఎందుకన్నాను. "80,000 దాటింది గదా సార్" అన్నాడు. కిలోమీటర్లు దాటడం కారణం కాదు. క్లచ్ ఆయుష్షు నడిపే కాలు మీద ఆధారపడుతుంది. హ్యాండ్ బ్రేకు బిగించి, ముందు ఖాళీ జాగా చూసుకుని, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదిలితే ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు జారుతున్నట్టు. మనది టక్కున ఆగింది. రోడ్డు మీద నాలుగో గేరులో ఎక్కు ఎక్కించి చూశాం. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోవడం అనేదే లేదు. క్లచ్ వద్దన్నాం.

ఇక బాల్ జాయింటు. మన డ్రైవరు "చాచా, బండి ఎటూ లాగడం లేదు, చప్పుడు లేదు, ఇది కూడా ఉత్తదే" అన్నాడు. పైనున్న కమిటీ వాళ్లదీ అదే మాట. నిజం చెప్పాలంటే నాకూ అట్లాగే అనిపించింది. కానీ బావమరిది కారు గుర్తొచ్చింది. జాకీ వేసి చక్రం లేపి, కింద నుంచి లెవర్ రాడ్డు పెట్టి ఎత్తి చూశాం. టక్కు టక్కుమని ఆడింది, రబ్బరు బూటు చినిగి గ్రీజు పోయి ఉంది. అది ఊడితే చక్రం పక్కకు మడుచుకుపోతుంది, స్టీరింగు చేతిలో ఉండదు. హైదరాబాదు హైవే మీద, వెనకాల ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి ఉండగా అది జరిగితే! ఆ ఎస్టిమేటులో ప్రాణం పోయే పని అదొక్కటే. "అంతా దోపిడీ" అని లేచి వచ్చేసుంటే ఆ ఒక్కటీ పోయేది. ఆ భాగం విప్పినప్పుడు అలైన్‌మెంట్ కూడా చేయించాలి కాబట్టి ఆ 1,800 కూడా న్యాయమే.

బ్యాటరీ నాలుగేళ్లది. బండి ఆగి ఉన్నప్పుడు వోల్టులు బాగానే చూపించింది. స్టార్ట్ కొట్టేటప్పుడు మీటరు పెడితే 9.6 కంటే కిందికి పడింది. సొంత కారయితే ఇంకో రెండు నెలలు చూడవచ్చు. అర్ధరాత్రి పిలిస్తే వెళ్లాల్సిన బండికి ఆ ధైర్యం చేయకూడదు. మార్చాం.

ఇంజెక్టర్ క్లీనింగు, ఇంజన్ ఫ్లష్ పుస్తకంలో లేవు. పొగ లేదు, మైలేజీ తగ్గలేదు. వద్దన్నాం. బండి అడుగున కోటింగ్ కూడా వద్దన్నాం. లోపలి శుభ్రం మాత్రం రోగుల బండికి తప్పదు. అది ప్రతి ట్రిప్పు తర్వాత మనవాళ్లే మందు కలిపి కడుగుతున్నారు. ఏసీ ఫిల్టరు మాత్రం 600 పెట్టి కొత్తది వేయించాం.

చివరి బిల్లు 24,800. ఎస్టిమేటుకు 48,900 తక్కువ. చప్పట్లు కొట్టకండి, పూర్తిగా వినండి. ఇదంతా మిగులు కాదు. బ్రేక్ ప్యాడ్లు 94,000 దగ్గర మార్చాల్సే వచ్చింది, క్లచ్ కూడా ఏదో రోజు అడుగుతుంది. అవి వాయిదా పడిన ఖర్చులు. నిజంగా అక్కర్లేనివి ఆ క్లీనింగులు, ఫ్లష్షులు, కోటింగులే. కానీ వాయిదా పడిన డబ్బుకూ విలువుంది. ఆ ఏడాది డీజిల్‌కు దాతల్ని మళ్లీ అడగాల్సిన అవసరం రాలేదు.

ఆ కుర్రవాణ్ణి దొంగ అనుకోకండి. ఇలాంటి చోట్ల నెలకు ఇంత అమ్మాలని లెక్కలుంటాయి. అడగనివాడికి జాబితా మొత్తం చెప్తారు. అడిగినవాడికి చక్రం విప్పి చూపిస్తారు. వెళ్లేటప్పుడు "సార్, బాల్ జాయింటు మీరు ఒప్పుకోరేమోనని భయపడ్డాను" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

మీ కార్లకు పనికొచ్చే సంగతులు మరికొన్ని చెప్తాను. ఎస్టిమేటు రాతపూర్వకంగా తీసుకోండి. అందులో లేని పని చేసేముందు అడగాలని జాబ్ కార్డు మీద రాయించండి. మార్చిన పాత సామాన్లు చూపించమని ముందే చెప్పండి. బ్రేకులు, స్టీరింగు, టైర్ల విషయంలో అనుమానముంటే బేరాలు వద్దు, ఆ రోజే ఇంకో మెకానిక్‌కు చూపించండి. చూసినందుకు అతనికి డబ్బులివ్వండి. ఊరికే చూడమంటే, ఏదో ఒక పని చూపించి రాబట్టుకోవాలనిపిస్తుంది ఎవరికైనా. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడుల మధ్య చిన్న దిమ్మెలుంటాయి, రబ్బరు వాటితో సమానమైతే టైరు అయిపోయినట్టే. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాడి బాగున్నా పాతబడి పగుళ్లొచ్చిన టైరును నమ్మకండి.

"బయట చేయిస్తే వారంటీ పోతుంది" అని భయపెడతారు. 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఆర్డరులో, బయటి గ్యారేజీకి వెళ్లారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదని చెప్పింది. కంపెనీలు దాని మీద పై మెట్లెక్కాయి. బయట చేసిన తప్పు పని వల్ల పాడైన భాగానికి మాత్రం వారంటీ అడగలేం. కాబట్టి వారంటీ కాగితం ఒకసారి చదువుకోండి, ప్రతి బిల్లూ దాచుకోండి. చేయని పనికి బిల్లు వేస్తే ముందు మేనేజరుతో మాట్లాడండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

చివరగా కమిటీకి ఒక విన్నపం. అంబులెన్సులో ఇప్పుడొక రిజిస్టరు పెట్టాం. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లకు, ఏం మార్చాం, ఏం కొలిచాం, ఏది వద్దన్నాం, ఎందుకు వద్దన్నాం, అన్నీ అందులో ఉంటాయి. "వద్దు" అన్నవాళ్ల సంతకం కూడా ఉంటుంది. మొదటి పేజీలో నాదే ఉంది. దాతలెవరైనా, ఎప్పుడైనా తెరిచి చూడవచ్చు. బట్టలు కుట్టే పెద్దమ్మకు చదువు రాకపోతే చదివి వినిపించే బాధ్యత మనది.

 బండి బయట ఉంది. చూడాలనుకున్నవాళ్లు రండి, బానెట్ ఎత్తి చూపిస్తాను.