ఇల్లుబండిలో చుట్టపుచూపు
(సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేమిద్దరం బడిపంతుళ్ళం. ఒకరిది లెక్కలు, ఒకరిది సాంఘికశాస్త్రం. బి.ఎడ్. చదివే రోజుల నుంచి ఇప్పటిదాకా మాకు నల్లబల్ల ముందు మాట్లాడడమే అలవాటు, వేదికల మీద కాదు. విద్య ప్రాముఖ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఆ మాటలు మీరు ఏటా వింటూనే ఉన్నారు. అందుకని పోయిన వేసవి సెలవుల్లో మేము చేసిన ఒక ప్రయాణం గురించి చెబుతామని అనుమతి తీసుకున్నాం. ఇందులో మా గొప్ప ఏమీ లేదు. మా తప్పు మాత్రం ఒకటుంది, అది చెప్పుకోవడానికే వచ్చాం.

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ దగ్గర ఉంటారు. పురుళ్ళకూ పుణ్యాలకూ వెళ్ళినప్పుడు ఇల్లు తప్ప ఏమీ చూడలేదు. ఈసారి అల్లుడు ముందే అడిగాడు: "నయాగరా చూస్తారా, న్యూయార్క్ చూస్తారా?" మేము ఒక కాగితం ఇచ్చాం. అందులో మూడు పేర్లు ఉన్నాయి. ఒకరు మాతో హాస్టల్లో ఉండి బి.ఎడ్. చదివిన మిత్రుడు. ఒకరు మా ఖాలా కూతురు, మాతో ఒకే ఇంట్లో పెరిగిన ఆపా. మూడో వ్యక్తి మా దగ్గర చదువుకున్న పిల్లవాడు. మిత్రుడు ఒహాయో రాష్ట్రంలో, ఆపా షికాగో దగ్గర, శిష్యుడు అయోవా రాష్ట్రంలో ఉన్నారు. అల్లుడు మ్యాపు చూసి, "ముగ్గురూ ఒకే దారిలో ఉన్నారు. హోటళ్ళు, హలాల్ తిండి వెతుక్కునే బాధ లేకుండా ఆర్‌వీ అద్దెకు తీసుకుందాం" అన్నాడు.

ఆర్‌వీ అంటే చక్రాల మీద ఇల్లు. మాది పాతిక అడుగుల బండి. డ్రైవర్ నెత్తి మీద ఒక మంచం, వెనక ఒక మంచం, మధ్యలో గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, బల్ల, స్నానాలగది. మనవళ్ళు దాన్ని చూసి గంతులేస్తే మాకు మాత్రం గూడుబండి గుర్తొచ్చింది. చిన్నప్పుడు పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు ఎద్దుల గూడుబండిలో గడ్డి పరిచి, పైన బొంత వేసి, నీళ్ళకుండ, అటుకుల మూట పెట్టుకుని బయల్దేరేవాళ్ళం. దారిలో చుట్టాలుంటే దిగకుండా పోయే ప్రశ్నే లేదు. దిగకపోతే తరువాత పదేళ్ళు ఎత్తిపొడుపులు పడాలి.

అయితే ఈ గూడుబండికి మేత ఎక్కువ. గాలన్ పెట్రోలుకు పది మైళ్ళు వస్తే గొప్ప, అంటే మన లెక్కలో లీటరుకు నాలుగు కిలోమీటర్లు. బండి కదులుతున్నప్పుడు మంచం మీద పడుకోకూడదు, బెల్టు పెట్టుకుని సీటులోనే కూర్చోవాలి. వంతెన కింద దూరే ముందు ఎత్తెంతో చూసుకోవాలి. నీళ్ళ తొట్లు మూడు: మంచినీటికి ఒకటి, వంటా స్నానాల వాడకం నీటికి ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. రాత్రి బసచేసే క్యాంపుగ్రౌండులో కరెంటు తీగ, నీటి గొట్టం తగిలించుకుంటాం. తొట్లు ఖాళీ చేసేటప్పుడు ముందు మరుగుదొడ్డి తొట్టి, తరువాత వాడకం నీటి తొట్టి విప్పాలి. అలా చేస్తే రెండో నీళ్ళతో గొట్టం కడుక్కుపోతుంది. లక్షల జీతగాడైన మా అల్లుడు చేతికి తొడుగులు వేసుకుని ఆ పని చేస్తుంటే, ఇంట్లో ఏ పనీ చిన్నది కాదని మనవళ్ళకు వేరే పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

మొదటి మజిలీ టొలీడో. డెట్రాయిట్ నుంచి దక్షిణంగా గంట ప్రయాణం. ఊరి పక్కన పెద్ద రోడ్డు మీద పోతుంటేనే 1983లో ప్రారంభమైన ఇస్లామిక్ సెంటర్ గుమ్మటం, రెండు మినార్లు కనబడతాయి. మిత్రుడు అక్కడి వాకిట్లోనే ఎదురుచూస్తున్నాడు. ఇక్కడ హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసి కొడుకు దగ్గరికి వెళ్ళాడు. కొడుకు మంచివాడు, కోడలు మంచిది. ఇద్దరూ పొద్దున పోతే సాయంత్రం వస్తారు. మధ్యాహ్నం పసుపు రంగు బడిబస్సు వచ్చి మనవళ్ళు దిగేదాకా మావాడు కిటికీ దగ్గర కూర్చుంటాడు. ఒకప్పుడు ఆరువందల మంది పిల్లల్ని ఒక్క చూపుతో నిలబెట్టినవాడు. "మీరొస్తున్నారని వారం నుంచి మాట్లాడాల్సినవి రాసిపెట్టుకున్నా" అని జేబులోంచి చీటీ తీశాడు. అందులో పాతిక పేర్లున్నాయి. ఎవరున్నారు, ఎవరు పోయారు, ఎవరి పిల్లలు ఏం చేస్తున్నారు అని ఒక్కొక్కటీ అడుగుతూ పెన్సిలుతో గీత కొట్టుకుంటూ పోయాడు. రాత్రి ఒంటిగంట దాటింది. తొమ్మిది పేర్లకు మా దగ్గర జవాబు లేదు. వాళ్ళంతా మా ఊరికి యాభై కిలోమీటర్ల లోపే ఉండేవాళ్ళు. పదమూడు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం వచ్చి, పక్క ఊరివాళ్ళ సంగతి తెలియదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

మర్నాడు పడమటికి తిరిగి ఇండియానా రాష్ట్రంలో ఎల్కార్ట్ అనే ఊళ్ళో ఆగాం. ఇలాంటి బండ్ల తయారీకి అది పెట్టింది పేరు. అక్కడి మ్యూజియంలో 1913 నాటి చిన్న ట్రైలరు ఒకటుంది. దాన్ని చూస్తే నూరేళ్ళ కింద కూడా మనిషికి ఇల్లు విడవడం ఇష్టం లేదు, ఊరు చూడకుండా ఉండడమూ ఇష్టం లేదు అనిపించింది.

ఇక ఆపా సంగతి. నాలుగేళ్ళ కిందట మా ఇంట్లో అమ్మ పోయింది. ఆపాను పెంచింది ఆ చేతులే. కబురు పెట్టాం, రాలేదు. నలభైయ్యో నాడు కూడా రాలేదు. ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి, "తరువాత చేస్తా" అని పెట్టేసేది. "అమెరికా నీళ్ళు తాగితే పెంచిన చేతులు గుర్తుండవు" అని మేమే నలుగురిలో అన్నాం. ఆ తరువాత ఫోన్లు కూడా మానేశాం. కాగితం మీద ఆపా పేరు రాసేటప్పుడు కూడా మా ఉద్దేశం మంచిది కాదు. ముఖం మీదే అడిగేద్దామని రాశాం.

శనివారం మూడు తరువాత రమ్మంది. మేము ఒంటిగంటకే చేరాం. ఆ వీధిలో రాత్రిపూట రోడ్డు మీద బండి నిలపకూడదట. అల్లుడు చెమటలు కక్కుతూ ఇంటి వాకిట్లోనే ఇరికించాడు. ఆపా కొడుకు బయటికొచ్చి సలాం చేసి, "అమ్మీ డయాలిసిస్‌కి వెళ్ళింది, నాలుగింటికి తీసుకొస్తా" అన్నాడు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "మీకు తెలియదా? ఆరేళ్ళయింది" అన్నాడు.

వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శని. సూదులు గుచ్చి నాలుగు గంటలు మంచం మీద. ఒక్కటి తప్పినా ప్రాణానికి ముప్పు. అలాంటి మనిషి హఠాత్తుగా విమానమెక్కి ఎలా వస్తుంది? ఇంటికి వచ్చాక ఒళ్ళు పిండేసినట్టుంటుంది, రెండు మాటల కంటే మాట్లాడే ఓపిక ఉండదు. మేము పొగరనుకున్నది ఆ నీరసాన్ని.

నాలుగింటికి ఆపా కారు దిగింది. చేతికి కట్టు ఉంది. మనిషి సగమైంది. ఎలా అడగాలో తెలియక, "ఒక్కమాట చెప్పలేదేం ఆపా?" అన్నాం. "ఖాలా మంచంలో ఉంటే నా సంగతి కూడా ఎందుకని మొదట చెప్పలేదు. ఖాలా పోయాక చెబితే రానందుకు సాకు చెబుతున్నానంటారని చెప్పలేదు" అంది. సాకు అని మేము అనేవాళ్ళమే. అది ఆపాకు తెలుసు.

తెచ్చిన ఆవకాయ, గోంగూర పచ్చడి బల్ల మీద పెట్టాం. ఉప్పు తగలకూడదు. సీసా మూత తీసి వాసన చూసి, మూత పెట్టి, కొడుకు చేతికిచ్చింది. నీళ్ళు కూడా చిన్న గ్లాసుతో కొలుచుకుని తాగుతోంది. ఆ రాత్రి, "నాకు ఆ గూడుబండిలో పడుకోవాలనుంది" అంది. మేము అనుకున్న మాటే ఆపా నోట వచ్చింది. వెనక మంచం మీద ఆపా, కింద బొంతలు పరుచుకుని మేము. లైటు తీసేశాక అమ్మ గురించి చెప్పుకున్నాం. అమ్మ చివరి రోజుల్లో ఏం తింది, ఏం అడిగింది, ఎవరి పేరు తలిచింది, అన్నీ ఆపా అడిగింది. ఆపా పేరు కూడా తలిచిందని చెప్పాం. నాలుగేళ్ళ కింద ఫోన్‌లోనే చెప్పాల్సిన మాట అది. ఆపా చాలాసేపు ఏమీ అనలేదు.

ఆ తరువాత మిసిసిపీ నది దాటి అయోవా రాష్ట్రంలో సీడర్ రాపిడ్స్ చేరాం. శిష్యుడు మమ్మల్ని ముందుగా ఒక చిన్న మసీదుకు తీసుకెళ్ళాడు. చెక్కతో కట్టిన తెల్లని కట్టడం, పైన పచ్చని గుమ్మటం, మన వీధిబడి అంత ఉంటుంది. పేరు మదర్ మాస్క్. మసీదుగానే కట్టి ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టడాల్లో అమెరికాలో అదే పాతది. 1934లో, ఆ దేశమంతా ఆర్థికమాంద్యంతో అల్లాడుతున్న రోజుల్లో, సిరియా, లెబనాన్ ప్రాంతాల నుంచి వలస వచ్చినవాళ్ళు కట్టుకున్నారు. వాళ్ళలో చాలామంది వీపున మూట మోసుకుని పల్లె పల్లెకూ, కమతం కమతానికీ నడిచి సరుకులమ్మినవాళ్ళు. తరువాత పెద్ద మసీదు కట్టుకుని దీన్ని అమ్మేశారు. చేతులు మారి పాడుబడ్డాక 1990లో మళ్ళీ కొని బాగుచేసుకున్నారు. మగ్రిబ్ అక్కడే చదివాం. మే నెలాఖరున అక్కడ మగ్రిబ్ రాత్రి ఎనిమిదిన్నర దాటాకే.

ఆ రాత్రి భోజనాల దగ్గర శిష్యుడు తన భార్యకు మమ్మల్ని చూపించి ఒక మాట చెప్పాడు. తొమ్మిదో తరగతిలో వాళ్ళ అబ్బా పోయాక బడి మానేసి గుంటూరు మిర్చి యార్డులో పనికి పోయాడు. ఫీజు, పుస్తకాలు దాతలు చూసుకుంటామన్నారు. అయినా రానన్నాడు. "ఒక సాయంత్రం వీళ్ళిద్దరూ ఇంటికొచ్చారు. కుర్చీ లేదు. చాప మీద కూర్చున్నారు. అమ్మీ పాలు లేని చాయ్ ఇస్తే తాగారు. చదువు గురించి ఒక్క మాటా అడగలేదు. నా చేతులు మిరపఘాటుకు మండుతుంటే చూసి, కొబ్బరినూనె రాయమని అమ్మీకి చెప్పి వెళ్ళిపోయారు. మర్నాడు బడికి పోయాను" అన్నాడు.

నిజం చెప్పాలంటే మాకది గుర్తే లేదు. ఆ ఏడాది అతని ఫీజుకు రసీదు రాసింది గుర్తుంది. చాయ్ తాగింది గుర్తులేదు. అతనికి రసీదు గుర్తులేదు.

దాతలారా, మీ డబ్బు లేకపోతే ఆ పిల్లవాడికి పుస్తకాల్లేవు. అందులో అనుమానం లేదు. కానీ డబ్బు గడప దాకా వెళ్ళింది, లోపలికి మనిషి వెళ్ళాల్సి వచ్చింది. ఆపా విషయంలో మేము కబురు పంపాం, తప్పు పట్టాం, మనిషిగా మాత్రం వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే ఒక్క మధ్యాహ్నంలో తెలిసేది. విమానం ఖర్చు మా శక్తికి మించినదే, నిజమే. కానీ నాలుగేళ్ళలో, "ఒంట్లో ఎలా ఉంది ఆపా?" అని ఒక్క ఫోన్‌లో అడగడానికి ఖర్చేముంది?

అందుకని ఈసారి మేము చందా పెంచమని అడగడం లేదు. ఒక మధ్యాహ్నం అడుగుతున్నాం. కార్యాలయంలో మీ సాయం పొందుతున్న పిల్లల, వితంతు తల్లుల పట్టిక ఉంది. వాళ్ళ సమ్మతి అడిగి, కార్యదర్శి గారితో మాట్లాడి, మీ పేటలోనే ఒక్క ఇల్లు ఎంచుకోండి. ఫోటోగ్రాఫరును తీసుకెళ్ళకండి. సాయం ఊసెత్తకండి. చాప వేస్తే కూర్చోండి, చాయ్ ఇస్తే తాగండి. అంతకంటే ముందు, మీ సొంత బంధువుల్లో మాటలు ఆగిపోయిన వాళ్ళెవరో ఒక్కసారి ఆలోచించండి. రానివాళ్ళంతా పొగరుబోతులు కారు.

మా వంతుగా టొలీడో మిత్రుడి చీటీలోని తొమ్మిది పేర్లలో ఆరుగురి ఇళ్ళకు వెళ్ళి వచ్చాం. ఇద్దరు లేరు. మిగిలిన మూడిళ్ళకూ సంక్రాంతి సెలవుల్లో వెళ్తాం. మా ఇంట్లో క్యాలెండరు మీద మంగళ, గురు, శనివారాలకు ఎర్రసిరాతో గుర్తు పెట్టుకున్నాం. ఆ రోజులు వదిలేసి ఆపాకు ఫోన్ చేస్తున్నాం. ఇప్పుడు రెండు మాటలతో పెట్టేయడం లేదు. నిన్న రాత్రి అయితే, ఇవాళ్టి ప్రసంగంలో తన పేరు చెప్పొద్దని అరగంట పోట్లాడింది. పేరు చెప్పలేదు ఆపా, చూశావుగా.

అల్లాహ్ మనందరి బంధాలనూ నిలిపి ఉంచుగాక. సెలవు. అస్సలాము అలైకుమ్.