పాత కంప్యూటర్ దేనికోసం ఆగుతోంది?

ఏడెనిమిదేళ్ల కిందట కొన్న కంప్యూటర్ మీ ఇంట్లో ఉంటే ఈ మాటలు మీకోసమే. బటన్ నొక్కి, పొయ్యి మీద టీ పెట్టుకుని, తాగి వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. పిల్లల ప్రవేశ పరీక్షకు దరఖాస్తు నింపుతుంటే సరిగ్గా ఫోటో ఎక్కించే చోట బిగుసుకుపోతుంది. 'దీని పనైపోయింది, కొత్తది కొనేద్దాం' అని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. చాలా ఇళ్లలో ఆ తీర్పు తొందరపాటే. వేలకు వేలు పోసే ముందు కనుక్కోవాల్సింది ఒకటుంది. ఆ కంప్యూటర్ దేనికోసం ఆగుతోంది?

ఆగడం అని ఎందుకంటున్నానో చెబుతాను. లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్. అందులో కదిలే భాగాలు లేవు, అరిగేదీ లేదు. దాని లోపలి గడియారం కొన్ననాడు సెకనుకు 300 కోట్ల సార్లు కొట్టుకుంటే, ఇవాళా అంతే కొట్టుకోగలదు. మారింది దానికి మనం అప్పజెప్పే పని. విండోస్ పెరిగింది, బ్రౌజర్ పెరిగింది, వెబ్ పేజీలు బరువెక్కాయి. వాటికి కావలసిన సమాచారం అందేవరకూ ప్రాసెసర్ చేతులు ముడుచుకుని కూర్చుంటుంది.

ఆ సమాచారం ఉండేది హార్డ్ డిస్కులో. పాడైపోయిన డిస్కు ఏదైనా దొరికితే మూత తీసి చూడండి. పనిచేసేదాన్ని మాత్రం తియ్యకండి, ఒక్క దుమ్ము కణం చాలు దాన్ని చెరపడానికి. లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లెం, దానిపైకి చాచిన సన్నని లోహపు చేయి, ఆ చేతి కొసన కంటికి ఆనీ ఆననంత చిన్న తల ఉంటాయి. చదవాల్సిన అక్షరాలు పళ్లెం మీద ఎక్కడున్నాయో అక్కడికి చేయి జరగాలి, పళ్లెం తిరిగి ఆ చోటు తల కిందికి రావాలి. 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న తక్కువ ధర లాప్‌టాపుల్లో చాలావాటికి నిమిషానికి 5,400 సార్లు తిరిగే డిస్కే ఉంది. అంటే సెకనుకు 90 చుట్లు. వినడానికి మహావేగమే. కానీ ఒక్కో ముక్క వెతికి తేవడానికి 15 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. సెకనుకు అరవై, డెబ్భై ముక్కలు తెస్తే గొప్ప. విండోస్ లేవాలంటే అలాంటి చిన్న ముక్కలు వేలకొద్దీ కావాలి.

ఈ తేడా మనసుకు పట్టాలంటే ఒక లెక్క వేద్దాం. ప్రాసెసర్ గడియారం ఒక్కసారి కొట్టుకునే వ్యవధిని మనం ఒక సెకను అనుకుందాం. ఆ లెక్కన, నడుస్తున్న పనులను తాత్కాలికంగా దగ్గర పెట్టుకునే ర్యామ్ నుంచి సమాచారం రావడానికి అయిదు నిమిషాలు పడుతుంది. కదిలే భాగాలు లేకుండా చిప్పుల్లోనే దాచుకునే ఎస్ఎస్‌డీ నుంచి రావడానికి మూడున్నర రోజులు. తిరిగే డిస్కు నుంచి రావాలంటే సుమారు ఏడాదిన్నర! పాత కంప్యూటరుకు ఎస్ఎస్‌డీ వేయించినవాళ్లు కొత్తది కొన్నట్టుందని ఎందుకంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది. మిగతావన్నీ పాతవే, ప్రాసెసర్ ఎదురుచూపు ఒక్కటే తగ్గింది.

మీ కంప్యూటర్ రోగం ఇదేనా కాదా అన్నది మీరే చూసుకోవచ్చు, మెకానిక్ అక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్నగా కనిపిస్తే కింద 'మోర్ డీటెయిల్స్' నొక్కండి. పైన సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ అని గడులు, వాటిలో శాతాలు ఉంటాయి. కంప్యూటర్ ఆన్ చేసిన తొలి అయిదు నిమిషాలూ వాటిమీద చూపు పెట్టండి. సీపీయూ పది, పదిహేను దగ్గర తచ్చాడుతూ డిస్క్ నూటికి నూరు దగ్గర ఎర్రబడి కూర్చుందంటే నేను చెప్పినదే జరుగుతోంది. మెమరీ తొంభై దాటితే ర్యామ్ చాలట్లేదు. చాలనప్పుడు కంప్యూటర్ ర్యామ్‌లో పట్టనిదాన్ని తీసుకెళ్లి ఆ డిస్కు మీదే రాస్తుంది, కావలసినప్పుడు మళ్లీ అక్కణ్నుంచే తెచ్చుకుంటుంది. అందుకే 4 జీబీ ర్యామ్, తిరిగే డిస్కు కలిసి ఉన్నచోట బాధ రెట్టింపు. ర్యామ్ 8 జీబీ చేయిస్తే ఇంటి పనులకు సరిపోతుంది. అయితే డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 దూరదు, గాటు వేరేచోట ఉంటుంది. షాపుకు పాత ముక్క పట్టుకెళ్లి చూపించండి. కొన్ని లాప్‌టాపుల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి ఈ దారి లేదు.

ఆ టాస్క్ మేనేజర్‌లోనే 'స్టార్టప్' అని ఒకటుంది. మీరు పిలవకుండానే కంప్యూటర్‌తోపాటు లేచేవాళ్ల జాబితా అది. ఎప్పుడో ఒకసారి వాడిన మీటింగు యాప్, మూలనపడ్డ ప్రింటర్ సాఫ్ట్‌వేర్, పిల్లల ఆటలు అన్నీ అందులో ఉంటాయి. వాటిని 'డిసేబుల్' చేస్తే పోయేదేమీ లేదు, కావాలనుకున్నప్పుడు తెరుచుకోవచ్చు. యాంటీవైరస్ జోలికి మాత్రం వెళ్లకండి. ఇంకొకటి. విండోస్ 8లోనూ ఆ తర్వాత వచ్చినవాటిలోనూ మామూలుగా షట్ డౌన్ చేసినా సిస్టం పూర్తిగా కొత్తగా మొదలవదు, లోపలి స్థితిలో కొంత భాగాన్ని డిస్కులో దాచుకుంటుంది. 'రీస్టార్ట్' నొక్కితేనే మొదటినుంచీ లేస్తుంది. వారానికోసారి అది చేయండి.

ఇక వేడి సంగతి. ఇది మన ఊళ్లలో పట్టించుకోవాల్సిన విషయం. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో గది వేడే నలభై దగ్గర ఉంటే, కంప్యూటర్ ఫ్యాను లోపలికి పీల్చేది ఆ వేడిగాలినే. ప్రాసెసర్ మరీ వేడెక్కితే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఉదయం బాగానే నడిచి మధ్యాహ్నానికి మొరాయించే కంప్యూటర్ చాలాసార్లు ఈ కోవదే. లాప్‌టాప్ అడుగు మూత తీయించి చూస్తే, ఫ్యానుకూ పక్కనున్న లోహపు రెక్కలకూ మధ్య బూడిదరంగు దూది పొర పేరుకుని ఉంటుంది. పరుపుల దూది, బట్టల నూగు, వీధి దుమ్ము కలిసి గట్టిపడిందే అది. గాలి బయటికి పోయే దారి మూసుకుపోయింది. పొర తీయించి, ప్రాసెసర్ మీద వేడిని లాగడానికి పూసి, ఎండిపోయిన పేస్టు మార్పిస్తే మళ్లీ చల్లబడుతుంది. ఇంట్లోనే దుమ్ము ఊదాలనుకుంటే ప్లగ్గు పీకి, ఫ్యాను రెక్కలు తిరగకుండా పట్టుకుని ఊదండి. లాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడటం మానండి, గాలి పీల్చే రంధ్రాలు అడుగునే ఉంటాయి.

'ఫార్మాట్ కొట్టించండి, సరిపోతుంది' అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. కొట్టించాక కొన్నాళ్లు హాయిగానే ఉంటుంది, పేరుకుపోయిన యాప్‌లు పోతాయి కాబట్టి. డిస్కు మాత్రం ఆ పాతదే. మెల్లగా మళ్లీ మొదటికే వస్తుంది. కాపీ చేసుకోకుండా కొట్టించి పెళ్లి ఫోటోలు, అమ్మమ్మ గొంతు రికార్డు చేసుకున్న ఫైళ్లు పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో. డిస్కులోంచి టక్కు టక్కుమని చప్పుడొస్తుంటే, ఫైలు తెరుచుకోవడానికి నిమిషాలు పడుతుంటే వేగం మాట పక్కనపెట్టండి. ముందు ఫోటోలూ కాగితాలూ వేరేచోటికి కాపీ చేయండి. మిగిలిన ఏ పనైనా ఆ తర్వాతే.

'మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, మేం వేగం పెంచుతాం' అని ఫోన్ చేసేవాళ్లను నమ్మకండి. వాళ్లు చెప్పిన యాప్ వేసుకుంటే మీ తెర వాళ్ల చేతికి వెళ్తుంది. డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక విండోస్ 10కి భద్రతా అప్‌డేట్లిచ్చే మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరానికి ముందువాటిని దాదాపుగా ఒప్పుకోదు. అలాంటి యంత్రం మీది అయితే విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే సిస్టం వేయించుకోవచ్చు, ఉచితం, తేలిక. మన ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్సు తెలుగుతో సహా భారతీయ భాషల్లో దొరుకుతుంది. బ్రౌజింగు, ఉత్తరాలు, సినిమాలు, తెలుగు టైపింగు ఇంతవరకే మీ అవసరమైతే మార్పు కష్టమనిపించదు. పిల్లల కాలేజీ సాఫ్ట్‌వేరో, ఆఫీసు లెక్కల సాఫ్ట్‌వేరో విండోస్ మీదే నడిచేదైతే ముందుగా కనుక్కుని దిగండి.

ఎస్ఎస్‌డీ వేయించడానికి సికింద్రాబాద్ పార్క్ లేన్ వెళ్లినా, మీ ఊరి షాపుకే వెళ్లినా, ఉన్నది ఉన్నట్టు కొత్తదానిలోకి 'క్లోన్' చేయమని అడగండి. పని అయ్యాక పాత డిస్కు మీ చేతికి ఇప్పించుకోండి. బాగున్నదైతే యూఎస్‌బీ పెట్టెలో బిగించి ఫోటోల రెండో కాపీకి వాడుకోవచ్చు. పాడైనా షాపులో వదిలేయకండి, మీ ఆధార్, బ్యాంకు కాగితాలు ఇంకా అందులోనే ఉన్నాయి.