కుక్క పళ్లకు పట్టే గార

ఎదిగిన కుక్కకు 42 పళ్లుంటాయి. వాటి మీద రోజూ పాచి చేరుతుంది. తోమకపోతే లాలాజలంలోని ఖనిజాలతో కలిసి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. ఇక బ్రష్షుకు రాదు. పశువైద్యుడు మత్తిచ్చి తీయాల్సిందే. అసలు హాని చిగుళ్ల కింద జరుగుతుంది. అక్కడ చేరిన సూక్ష్మజీవుల వల్ల చిగుళ్లు వాచి, పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. నోరు కంపు కొడుతుంటే, కుక్క నోరు అంతేలే అని వదిలేయకండి, దయచేసి. నొప్పి ఉన్నా అది తింటూనే ఉంటుంది, మనకు తెలియనివ్వదు.

మెత్తటి బ్రష్షుతో, కుక్కల కోసం చేసిన పేస్టుతో రోజూ తోమండి. మన పేస్టు వద్దు. కుక్క ఉమ్మదు, మింగేస్తుంది; కొన్ని పేస్టుల్లో ఉండే జైలిటాల్ దానికి విషం. గట్టి ఎముకలూ వేయకండి, కొరికితే పళ్లు విరుగుతాయి.